ఆదివారం నాడు గుర్రపు స్వారీ చేస్తాను

ఇంటర్వ్యూలకు వెళ్ళే కుర్రాళ్ళు తమ బయోడేటాలు ఒకసారి చూసిపెట్టమని నా దగ్గరికి తెస్తుంటారు. చదువు, మార్కులు, తండ్రి పేరు అన్నీ అయ్యాక అడుగున హాబీలు అని ఒక గీత ఉంటుంది. దాని పక్కన అందరూ రాసేది ఒక్కటే: పుస్తక పఠనం, సంగీతం, క్రికెట్. రాసినవాడి మొహం చూస్తే చివరిసారి పుస్తకం ముట్టుకున్నది సరస్వతీ పూజనాడని, అదీ పసుపు రాయడానికని తెలిసిపోతుంటుంది. నేను తిట్టను. "నాయనా, దీన్ని నిజమని నమ్మే మనిషి ఎదురైతే ఏం చేస్తావు?" అని మాత్రం అడుగుతాను. అలాంటివాడు ఎక్కడుంటాడండీ అని నవ్వుతారు.

ఉంటాడు. నాకు ఎదురయ్యాడు. స్పెయిన్ నుంచి వచ్చాడు.

మా మిల్లు జాముల్ వెళ్ళే దారిలో ఉండేది. భిలాయి అనగానే మీకు పెద్ద ఉక్కు ప్లాంటు గుర్తుకొస్తుంది. ఆ ఏనుగు నీడన బతికే చీమల్లాంటి ప్రైవేటు మిల్లులు చాలా ఉండేవి. వాటిలో మాది కుంటి చీమ. ఇనుప దిమ్మల్ని ఎర్రగా కాల్చి, సాగదీసి, కడ్డీలు చేసేవాళ్ళం. ఇప్పుడది లేదు. అందరూ ఉద్యోగం నుంచి రిటైరవుతారు, నా విషయంలో మిల్లే ముందు రిటైరైంది. కానీ మా సేఠ్‌గారు దాన్ని ఇంద్రుడి వజ్రాయుధం కాచిన కొలిమిలా చూసుకునేవారు. తొంభైల నడుమ, దేశం తలుపులు తెరిచిందని అందరూ అంటున్న రోజుల్లో, తాను కనీసం ఒక కిటికీ అయినా తెరవాలని ఆయనకు బుద్ధి పుట్టింది. కడ్డీలు కోసే యంత్రమొకటి స్పెయిన్ నుంచి తెప్పించారు. దాన్ని నడపడం నేర్చుకోవడానికి మాలో ఒకణ్ణి మూడు నెలలు ఆ దేశం పంపుతామన్నారు. వెళ్ళొచ్చినవాడే ఆ యంత్రానికి ఇన్‌ఛార్జి. మిగిలినవాళ్ళు బతికినంతకాలం వాడి కింద నట్లు బిగించాలి.

పోటీలో ఆరుగురు ఇంజనీర్లం. మా వంశంలో భిలాయి దాటి పడమటికి వెళ్ళినవాడు మూత్రపిండాల్లో రాళ్ళకు నాగపూర్ ఆసుపత్రికి వెళ్ళిన మా మామయ్య ఒక్కడే. అందుచేత మా ఆవిడ, కబురు తెలిసిన సాయంత్రానికే, మేముండే మరోదాలో మా వీధి వీధంతా తిరిగి వచ్చింది.

"ఏటండీ, అక్కడ చలేటి? స్వెట్టరు అల్లీమంటారా?"

"ఇంకా నన్ను ఎంచుకోలేదే."

"ఎంచుకుంటారు లెండి. మీరు వెళ్తన్నారని అందరికీ చెప్పీసేను. ఇప్పుడు వెళ్ళకపోతే నాను కుళాయి దగ్గరకి ఎలా వెళ్తాను?"

ఆ విధంగా ఒక దేశం నుంచి మరో దేశానికి సాంకేతిక పరిజ్ఞానం తరలించే మహాకార్యం మా వీధి కుళాయి మీద ఆధారపడింది.

ఎంపిక ఎలాగంటే, దాని వెనక ఒక ఉత్తరం ఉంది. యంత్రం అమ్మిన కంపెనీవాళ్ళు, పని విషయాలకు ఢిల్లీ నుంచి దుబాసీ వస్తాడనీ, యంత్రం బిగించడానికి వచ్చే తమ ఇంజనీరు భోజనం దగ్గర ఒంటరిగా ఉండకుండా కాస్త కబుర్లు చెప్పేవాళ్ళుంటే సంతోషమనీ మర్యాదకు రాశారు. సేఠ్‌గారు దాన్ని వేదవాక్యంగా తీసుకున్నారు. ఎవడు స్పానిష్‌లో బాగా కబుర్లు చెబితే వాడే స్పెయిన్‌కు. కొలిమి వేడి తెలిసినవాడా, కడ్డీ వంకర తెలిసినవాడా అన్నది అప్రస్తుతం. కబుర్లంటే ఏమిటి? తీరిక వేళ ఏం చేస్తాం, ఏమంటే ఇష్టం. అదే సిలబస్సు, అదే పరీక్ష.

నేర్పడానికి నెహ్రూ నగర్‌లో ఒక మాస్టారు దొరికారు. సరుకు ఓడల్లో పనిచేసి, అన్ని సముద్రాలూ ఈది, చివరికి సముద్రమన్నదే లేని ఊరు చూసుకుని స్థిరపడిన మనిషి. మొదటి రోజు ఆయన మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, తీరిక వేళల్లో ఏం చేస్తారో హిందీలో చెప్పమన్నారు.

తీరిక వేళ మేం ఏమైనా చేస్తామా అని మాకే అనుమానం వచ్చింది.

మా టెక్కలి మిత్రుడు మొదట నోరు విప్పాడు. రోజూ నా స్కూటర్ వెనకాల కూర్చుని డ్యూటీకి వచ్చే మనిషి, ఇరవై పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చుని తిన్న మనిషి. "తీరికెక్కడుంటాది సార్. ఉంటే పడుకుంటాం."

"ఇంకా?"

"లేస్తాం."

ఛప్రా నుంచి వచ్చినాయన తన ఇల్లాలు బియ్యంలో రాళ్ళు ఏరమంటుందని చెప్పాడు. నేను ఆదివారం గుమ్మంలో కూర్చుని వీధిలో పోయేవాళ్ళను చూస్తానన్నాను. మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. "ఇవి హాబీలా? ఇవి చెబితే ఆరుగురూ ఫెయిల్. మీ ఇష్టాలతో నాకు పనిలేదు. నేను చెప్పింది రాసుకోండి."

ఇక్కడే మేం అసలైన భారతీయ విద్యార్థులమని నిరూపించుకున్నాం. చిన్నప్పుడు 'నా హాబీ' అనే వ్యాసం మాస్టారు బోర్డు మీద రాస్తే, క్లాసులో అరవై మందికీ ఒకే రాత్రిలో తోటపని హాబీ అయిపోయింది గుర్తుందా? ఇంటి ముందు తులసిమొక్కైనా లేనివాడు కూడా గులాబీల గురించి పదికి పది తెచ్చుకున్నాడు. సరిగ్గా అలాగే మేం ఆరుగురం, మెడలో టై కట్టుకునే వయసులో, కిక్కురుమనకుండా రాసుకున్నాం. నాకు సంగీతం ఇష్టం. నాకు ఈత ఇష్టం. సాయంత్రాలు నాట్యం చేస్తాను. ఆదివారం నాడు గుర్రపు స్వారీ చేస్తాను.

భాష కష్టం కాలేదు. 'మే గుస్తా' అంటే నాకు ఇష్టం. మన తెలుగులాగే ఇష్టం వచ్చి మన మీద పడుతుంది, మనం చేసేదేమీ లేదు. ఎదుటివాడు తనకు ఫలానాది ఇష్టమంటే 'ఆ మీ తంబియెన్' అనాలి, అంటే నాక్కూడా. మరి ఇష్టం లేకపోతే ఏమనాలని నేనడిగాను. "అది మర్యాద కాదు, నేర్పను" అన్నారు మాస్టారు.

మూడు నెలలు వల్లించాం. కొలిమి తలుపు తెరిచినప్పుడు వచ్చే మంటకు మొహాలు మాడుతుంటే నాట్యం చేస్తామని వల్లించాం. గడ్డం గీయించుకుంటూ ఈత కొడతామని వల్లించాం. మా మిల్లులో ఆరుగురు ఆఫీసర్లకు ఒకేసారి దయ్యం పట్టిందని కూలీలు జాముల్‌లో దయ్యాలు వదిలించే బైగాను కూడా అడిగొచ్చారట.

స్పెయిన్ ఇంజనీరు దిగాడు. ఎర్రటి ఎద్దులాంటివాణ్ణి ఊహించుకున్నాం. తీరా చూస్తే పలాసలో జీడిపప్పు కొట్టు పెట్టుకునే మనిషిలా ఉన్నాడు. సన్నటి మీసం, ముందుకు వంగిన భుజాలు, ఎవరేమన్నా తల ఊపే స్వభావం. సేఠ్‌గారు, దుబాసీ అటూ ఇటూ కూర్చుంటే మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచారు. మొదట వెళ్ళిన టెక్కలి మిత్రుడు ఆదివారం నాడు గుర్రపు స్వారీ చేస్తాననగానే స్పెయిన్ మనిషి ముచ్చటపడి "ఆ మీ తంబియెన్" అన్నాడు. రెండోవాడికీ అదే అన్నాడు, కాస్త ఆశ్చర్యంగా. నేను నాలుగోవాణ్ణి. నేను చెబుతుంటే నా పొట్ట వైపు చూశాడు, తరవాత కిటికీ బయటికి చూశాడు. ఈ కడ్డీల గుట్టల వెనక ఎక్కడో అశ్వశాల ఉండాలని అతని చూపులో తెలుస్తూనే ఉంది. ఆరోవాడు కూడా చెప్పి బయటికి వచ్చాక దుబాసీ సేఠ్‌గారితో అన్నాడు.

"మీ గుర్రాలు ఎక్కడుంటాయని అడుగుతున్నారు. వచ్చే ఆదివారం వీళ్ళతో పాటు తానూ వస్తారట."

మామూలు మనిషైతే ఆ క్షణంలో మా దగ్గర గుర్రాల్లేవని చెప్పేసేవాడు. సేఠ్‌గారు మామూలు మనిషి కాదు, పెట్టుబడిదారు. తన ఇంజనీర్లు ఆరుగురూ ఆశ్వికులన్న సంగతి తనకే తెలియనందుకు ఒక్క నిమిషం నొచ్చుకుని, వెంటనే గర్వపడ్డారు. "ఇంతజామ్ హో జాయేగా" అన్నారు, ఏర్పాటు తన వంతన్నట్టు. అంతటితో ఆగలేదు. మాటలు ఆరుగురివీ ఒకటే కాబట్టి స్వారీ ఎవరు బాగా చేస్తే వాళ్ళే స్పెయిన్‌కు అన్నారు.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ చేతిలో అల్లికసూదులు ఆగిపోయాయి.

"గుర్రవేటండీ? ఎప్పుడైనా ఎక్కేరేటి?"

"లేదు."

"మన పెళ్ళికి కూడా మీరు రిక్షాలో వొచ్చేరు కాదేటి. అదీ మలుపు దగ్గిర బోల్తా కొట్టీసింది."

ఆదివారం పొద్దున మరోదా జలాశయం గట్టు దగ్గరి మైదానానికి ఏడు గుర్రాలు వచ్చాయి. భిలాయి చుట్టుపక్కల గుర్రాలెక్కడివని అడగండి. దుర్గ్‌లో బారాత్‌లకు అద్దెకిచ్చేవి. పెళ్ళికొడుకుల్ని మోసే ఆడగుర్రాలు. కిందటేడు సేఠ్‌గారమ్మాయి పెళ్ళికి వచ్చిన మందే. ఒంటినిండా అద్దాలు కుట్టిన పట్టుబట్ట, నెత్తిన తురాయి, మోకాళ్ళ దాకా వేలాడే జరీ కుచ్చులు. ఒక్కొక్కటీ నా కళ్ళకు రెండంతస్తుల క్వార్టరంత ఎత్తు కనిపించింది. అలంకారం తీసేయమంటే గుర్రాలాయన ఒప్పుకోలేదు. తీస్తే వాటికి మూడ్ ఉండదట.

ఎక్కాం. ఎలా ఎక్కామన్నది నేను వర్ణించను. ఇద్దరు మనుషులు, ఒక స్టూలు, ఒక ఆంజనేయ దండకం పట్టాయి. ఎక్కాక గుర్రాలు కదల్లేదు. తట్టాం, బుజ్జగించాం, ఛప్రా ఆయన భోజ్‌పురీలో తిట్టాడు. అవి ప్లాంటులో పర్మినెంట్ అయిన ఉద్యోగుల్లా అలాగే నిలబడ్డాయి.

"సాబ్, బాజా కే బినా నహీ చల్తీ" అన్నాడు గుర్రాలాయన నిదానంగా. బాజా మోగితేనే నడుస్తాయి, వాటి శిక్షణ అంత.

సేఠ్‌గారు కారు పంపి బాజా పార్టీని తెప్పించారు. ఎర్రకోట్లవాళ్ళు వచ్చి బాకాలు ఊదగానే ఏడు గుర్రాలూ ఒక్కసారిగా బారాత్ నడక మొదలుపెట్టాయి. మూడడుగులు వేసి ఆగడం, నడుం ఊపడం, మళ్ళీ మూడడుగులు. ఈపాటికి మరోదా జనమంతా గట్టు మీద ఉన్నారు. మా వీధి చివరింటి ముసలమ్మగారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఇంతమంది పెళ్ళికొడుకులేటమ్మా, అందులో ముగ్గురికి పిల్లలున్నారు కాదేటి" అని గట్టిగానే అడిగింది. మా ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

నేను పక్కనున్న స్పెయిన్ మనిషిని చూశాను. అతను కళ్ళేన్ని వదిలేసి, గుర్రం జూలును రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. అచ్చం నాలాగే. అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. వీడూ జన్మలో గుర్రమెక్కలేదు. మేం మర్యాదకు అబద్ధం చెబితే, వీడు మర్యాదకు 'నాక్కూడా' అన్నాడు. రెండు దేశాల సంస్కారం కలిసి ఏడుగురు నిరపరాధుల్ని గుర్రాలెక్కించింది.

బారాత్ అన్నాక టపాసులుండాలి కదా. బాజా పార్టీలో ఒకాయన, ఎవరూ చెప్పకుండానే, అలవాటు కొద్దీ టపాసుల సరం అంటించాడు. ఇలాంటివి ఎన్నో పెళ్ళిళ్ళలో చూసిన గుర్రం చెవి కూడా ఆడించలేదు. బెదిరింది స్పెయిన్ మనిషి. అంత ఎత్తు నుంచి ఒక్క గెంతు గెంతాడు. మడమ ఎముక చిట్లింది.

పోటీ తేలకుండానే ముగిసింది. అతణ్ణి సేఠ్‌గారి అతిథి గృహంలో, కాలికి పిండికట్టుతో పడుకోబెట్టారు. దుబాసీ గడువు అయిపోయి ఢిల్లీ వెళ్ళిపోయాడు. డ్యూటీ అయ్యాక ఎవరైనా వెళ్ళి అతని దగ్గర కూర్చోవాలి. కూర్చుంటే కబుర్లు చెప్పాలి, చెబితే గుర్రం ఊసు వస్తుంది. మిగతా ఐదుగురికీ ఆ వారం నుంచే ఇంట్లో జ్వరాలు, చుట్టాలు పుట్టుకొచ్చారు. దగ్గరుండి చూసుకున్నవాణ్ణి సేఠ్‌గారు మరిచిపోరనే లెక్కతో నేను వెళ్ళాను.

మొదటి రోజు అతను గోడ మీద క్యాలెండర్లోని గుర్రం బొమ్మ చూపించి, "నో మే గుస్తా" అన్నాడు. ఎవరూ నేర్పనక్కరలేని మాట. మా మాస్టారు మూడు నెలలు దాచిపెట్టిన మాట. నేను ఈత కొట్టినట్టు చేతులాడించాను. నో. నాట్యం చేసినట్టు లేచి తిరిగాను. నో, నో. నేను కూడా నో అన్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. మరేం ఇష్టమని అడిగితే కుర్చీ, గుమ్మం, వీధి బొమ్మలు గీసి చూపించాడు. తన ఊళ్ళో గుమ్మంలో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళను చూస్తాడట. ఈసారి నేను 'నాక్కూడా' అన్నది నిజం.

నాలుగో రోజున యంత్రం డ్రాయింగులు తెప్పించుకుని మంచం మీద పరిచాడు. నా దగ్గరున్న స్పానిష్ అంతా ఇష్టాయిష్టాలదే. దాంతోనే మొదలుపెట్టాను. బ్లేడు చూపించి, దీనికి నూనె ఇష్టమా అన్నాను. ఇష్టం, చాలా ఇష్టం. నీళ్ళు? అస్సలు ఇష్టం లేదు. ఈ స్ప్రింగుకు వేడి? కొంచెం ఇష్టం, ఎక్కువైతే కోపం. మోటారుకు ఒంటరిగా ఉండటం ఇష్టం లేదు, పక్కన ఫ్యాను ఉండాలి. అలా ఒక్కొక్క బోల్టు మనసూ తెలుసుకుంటూ పోయాం. మీ ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇలా చెప్పరు. చెబితే బాగుపడేవాళ్ళు. అతను కర్రపట్టుకుని మిల్లుకు వచ్చేనాటికి ఆ యంత్రానికి ఏది గిట్టదో నాకు మా అత్తగారి సంగతి కంటే బాగా తెలుసు. బిగించాం, నడిపాం. కడ్డీల్ని పచ్చిమిరపకాయల్లా తరిగింది.

వీడ్కోలు సభ మిల్లు ఆవరణలోనే, షామియానా కింద. స్పెయిన్ వెళ్ళేవాడి పేరు అక్కడే ప్రకటిస్తామన్నారు. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, మా వీధి వాళ్ళు నలుగురిని వెంటేసుకుని మూడో వరసలో కూర్చుంది. వేదిక మీద సేఠ్‌గారు, స్పెయిన్ మనిషి, వెనక నిలబడి ఆరుగురు ఆశ్వికులం.

అతను లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, మైకు ముందు నిదానంగా మాట్లాడాడు. మాకు తెలిసిన మాటలే ఏరుకుని మాట్లాడాడు. నాకు ఈ యంత్రం ఇష్టం. ఇతనితో పనిచేయడం ఇష్టం. యంత్రానికి కూడా ఇతనంటే ఇష్టం. స్పెయిన్‌కు ఇతను.

అంతే. పాఠంలో లేనిది ఒక్కటీ లేదు. మా ఆరుగురిలో ఆ మాటలు అర్థంకానివాడు ఎవడైనా ఉంటే వాడు చెవిటివాడై ఉండాలి.

సేఠ్‌గారు నా వైపు వంగారు. "క్యా బోలా?"

చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను మెచ్చుకున్న మాటల్ని నేనే తర్జుమా చేయాల్సి రావడం కంటే నీచమైన స్థితి మనిషికి మరొకటి లేదని మధ్యలోనే తెలిసింది. యంత్రానికి నేనంటే ఇష్టమట సార్ అనేసరికి సేఠ్‌గారి కనుబొమలు నెత్తి మీదికి వెళ్ళాయి. గుర్రాల సంగతి తెలిశాక మా స్పానిష్ మీద ఆయనకు నమ్మకం పోయింది. మిగిలిన ఐదుగురి వైపు తిరిగి, నిజమేనా అన్నారు.

ఐదుగురూ కాళ్ళ కింది జంపఖానా డిజైను చూస్తున్నారు. అందరికంటే దగ్గరున్నది టెక్కలి మిత్రుడు. గొంతు సవరించుకున్నాడు.

"ఠీక్ సే సునాయీ నహీ దియా సార్." సరిగ్గా వినపడలేదట. "గుర్రాల గురించి అన్నట్టుంది."

"ఖానా అచ్ఛా థా, అని కూడా అన్నారు" అని ఛప్రా ఆయన భోజనాన్ని కూడా కలిపాడు. మిగతా ముగ్గురూ బారాత్ గుర్రాల్లా తలలూపారు.

సేఠ్‌గారు పకపకా నవ్వి నా వీపు తట్టి, హాస్యం బాగుందన్నారు. తరవాత మైకు తీసుకుని స్పెయిన్ వెళ్ళేది తన బావమరిది అని ప్రకటించారు. ఆయనది దుర్గ్‌లో బట్టల కొట్టు. క్లాసుకు ఒక్కరోజు రాలేదు, కొలిమి మొహం చూడలేదు, గుర్రం ఎక్కలేదు. ఎక్కే అవసరం ఎన్నడూ రానివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకేననుకుని స్పెయిన్ మనిషి నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. తన ఊళ్ళో, తన గుమ్మంలో రెండు కుర్చీలు వేస్తానని చేతులతో చూపించాడు. నేనేం చెప్పగలను? ఆ మీ తంబియెన్ అన్నాను. మూడో వరసలో మా ఆవిడ కూడా చప్పట్లు కొడుతూనే ఉంది. హిందీ ప్రకటన ఆ సందడిలో ఆవిడకు వినిపించినట్టు లేదు.

ఆవిణ్ణి మా వీధి వాళ్ళతో బస్సెక్కించి స్కూటర్ దగ్గరికి వచ్చేసరికి టెక్కలి మిత్రుడు ఎప్పటిలాగే వెనక సీటు మీద ఉన్నాడు.

"కోపవేటి బాబూ?"

"నీకు వినపడలేదా?"

"వినపడింది. సుబ్బరంగా అర్థమైంది కూడా."

"మరి?"

"మరేటి? నువ్వెళ్ళొస్తే నాను నీ కింద నట్లు బిగించాలి. ఆ బట్టల కొట్టోడైతే ఎలాగా ఏటీ రాదు, మళ్ళీ మనవేఁ చూసుకోవాలి." న్యాయం అడుగుతున్నవాడిలా అన్నాడు. "నా గురించే అతనలా అనుంటే నువ్వు చెప్పీసీవోడివేటి?"

"దిగు" అన్నాను.

దిగాడు. జాముల్ నుంచి మరోదాకు నడక ఒంటికి చాలా మంచిది, దూరం కూడా బాగానే ఉంటుంది. తీరిక వేళ ఏం చేస్తావని ఎవరైనా అడిగితే ఆయనకు ఆ రోజు నుంచి చెప్పుకోవడానికి నిజమైన హాబీ ఒకటుంది.